మదర్‌బోర్డ్ మార్చకుండా ప్రాసెసర్ మార్చడం: 52 వేల పని 11 వేలతో ఎలా అయింది?

ఈ ఎపిసోడ్ మన రూమ్ నుంచి కాదు, తణుకులో మా పిన్ని వాళ్లింటి నుంచి. వెనకాల మిక్సీ సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అయిపోండి.

విషయం ఏంటంటే, మా పిన్ని కొడుకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. వాడి పీసీ 2018లో కొన్నది. రైజెన్ 3 2200జీ ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డ్, 16 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650 తర్వాత వేయించుకున్నాడు. నెల కిందట ఫోన్ చేశాడు. "అన్నయ్యా, టైమ్‌లైన్ అస్సలు కదలట్లేదు. షాపులో చూపిస్తే బోర్డు పాతదైపోయింది, ప్రాసెసర్ ఒక్కటే మార్చడం కుదరదు, మొత్తం సెట్టు మార్చాలి, 52 వేలు అవుద్ది అన్నారు. అమ్మ చీటీ పాడేస్తానంటోంది" అన్నాడు.

చీటీ మధ్యలో పాడితే ఎంత పోతుందో మీకు తెలుసు కదా. ఆ డబ్బు మా చెల్లి ఫీజు కోసం దాచింది. ఇటు చూస్తే మూఢం నడుస్తోంది, పెళ్లిళ్లు లేవు. మూఢం వెళ్లగానే వాడికి ఐదు బుకింగ్‌లు ఉన్నాయి. ఆలోపు పీసీ రెడీ కావాలి. "ఎవరికీ డబ్బులు ఇవ్వకు, నేను ఆదివారం వస్తున్నా" అన్నాను.

చివరికి అయిన ఖర్చు 11 వేల చిల్లర. బోర్డు అదే, ర్యామ్ అదే, కేబినెట్ అదే. ఇవాళ ఆ పని మొత్తం స్టెప్ బై స్టెప్ చెప్తాను. ఎక్కడ ఆగాలో, ఎవరు ఈ పని చేయకూడదో కూడా చెప్తాను. ఎందుకంటే అందరి బోర్డూ ఇలా కలిసిరాదు.

ముందు ఒక చిన్న క్లారిటీ. మనవైపు సీపీయూ అంటే టేబుల్ కింద ఉండే డబ్బా మొత్తం అనుకుంటాం. నేను చెప్పేది ఆ డబ్బా గురించి కాదు. దాని లోపల, ఫ్యాన్ కింద ఉండే చదరపు చిప్. దాన్నే ఈ వీడియోలో ప్రాసెసర్ అంటాను.

ఫస్ట్ స్టెప్: తప్పు నిజంగా ప్రాసెసర్‌దేనా? ఇది చూడకుండా డబ్బు పెట్టేవాళ్లే ఎక్కువ. మీకు ఏ పనిలో స్లో అనిపిస్తుందో ఆ పని నడుపుతూ టాస్క్ మేనేజర్ ఓపెన్ చేయండి. పర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. డిస్క్ వంద శాతం దగ్గర కూర్చుంటే, అది కూడా పాత హార్డ్ డిస్క్ అయితే, మీకు కావాల్సింది ఎస్‌ఎస్‌డీ. మెమొరీ 95 శాతం దాటి ఉంటే ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు ఫుల్‌గా ఉండి ప్రాసెసర్ ఖాళీగా ఉంటే, ప్రాసెసర్ మార్చినా లాభం లేదు. ప్రాసెసర్ వంద దగ్గర ఉండి మిగతావన్నీ ఖాళీగా ఉంటేనే ఈ వీడియో మీ కోసం.

మావాడి దగ్గర ఎక్స్‌పోర్ట్ పెట్టి చూశాం. ప్రాసెసర్ వంద. గ్రాఫిక్స్ కార్డు నలభై కూడా లేదు. ర్యామ్ పది జీబీ వాడుతోంది. అంటే క్లియర్. 2200జీలో నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. పాపం అది చేయగలిగింది చేస్తోంది.

ఇంకో కారణం కూడా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 సపోర్ట్ లిస్టులో 2200జీ లేదు. కాబట్టి స్పీడ్ సంగతి పక్కన పెట్టినా ఏదో ఒకటి చేయాల్సిందే.

సెకండ్ స్టెప్: బోర్డు పూర్తి పేరు కనుక్కోవాలి. విండోస్ సెర్చ్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని కొడితే బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అని కనిపిస్తుంది, అదే బోర్డు మోడల్. అక్కడే బయోస్ వెర్షన్, డేట్ కూడా ఉంటాయి. మావాడి బయోస్ డేట్ 2018. కొన్నప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

ఇప్పుడు ఆ బోర్డు తయారు చేసిన కంపెనీ వెబ్‌సైట్‌కి వెళ్లి, మీ మోడల్ పేజీలో సపోర్ట్ అనే చోట సీపీయూ సపోర్ట్ లిస్ట్ ఓపెన్ చేయండి. ఈ మొత్తం వీడియోలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఈ లిస్ట్ గుర్తుపెట్టుకోండి. ఏ ప్రాసెసర్ ఆ బోర్డులో పనిచేస్తుంది, అది ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుంది, రెండూ అక్కడ రాసి ఉంటాయి. షాపువాళ్లు చెప్పింది, కామెంట్లలో బ్రోలు చెప్పింది, చివరికి నేను చెప్పింది కూడా దాని తర్వాతే.

మావాడి బోర్డు లిస్టులో రైజెన్ 5000 సిరీస్ మొత్తం ఉంది. మరి షాపులో ఎందుకు కుదరదన్నారు? మోసం చేశారని నేను అనను. ఆ బయోస్‌తో కొత్త చిప్ పెట్టి ఆన్ చేస్తే నిజంగానే స్క్రీన్ రాదు. "చూశారా, రావట్లేదు" అంటారు. అక్కడ పాతబడింది బోర్డు కాదు, బోర్డులోని సాఫ్ట్‌వేర్.

దీని వెనక ఒక మంచి కథ ఉంది. ఏఎం4 సాకెట్ మీద మొదటి రైజెన్ చిప్‌లు 2017లో వచ్చాయి. 2020 మే నెలలో ఏఎండీ ఏం చెప్పిందంటే, రాబోయే రైజెన్ 5000 చిప్‌లు 400 సిరీస్ బోర్డుల్లో, అంటే బీ450, ఎక్స్470లో పనిచేయవు అని. కారణంగా చెప్పింది బయోస్ దాచుకునే చిన్న మెమొరీ చిప్ సైజు. చాలా బోర్డుల్లో అది 16 ఎంబీ మాత్రమే. అన్ని తరాల ప్రాసెసర్ల కోడ్ అందులో పట్టదు. కొన్నవాళ్లు గట్టిగా గొడవ చేశారు. అదే నెలలో ఏఎండీ మాట మార్చుకుని 400 సిరీస్‌కి సపోర్ట్ ఇస్తామంది. 2022కి వచ్చేసరికి ఇంకా పాతవైన 300 సిరీస్ బోర్డులకి కూడా ఇచ్చింది. అంటే 2017లో కొన్న బోర్డులో 2022లో వచ్చిన ప్రాసెసర్ పెట్టుకోవచ్చు, ఆ బోర్డు కంపెనీ బయోస్ ఇచ్చి ఉంటే. ఆ 16 ఎంబీ ఇబ్బంది వల్ల కొన్ని బోర్డుల కొత్త బయోస్‌లో బాగా పాత ప్రాసెసర్లకి సపోర్ట్ తీసేశారు. కాబట్టి బయోస్ పేజీలో ఉన్న నోట్ మొత్తం చదవండి.

ఇంటెల్ వాడేవాళ్లకి ఒక మాట. సాకెట్ పేరు ఒకటే అని మోసపోకండి. ఎల్‌జీఏ 1151 అనే పేరుతో 6, 7 జనరేషన్లు వచ్చాయి, 8, 9 కూడా వచ్చాయి. చిప్ సాకెట్‌లో కూర్చుంటుంది, కానీ 100, 200 సిరీస్ బోర్డుల్లో 8వ జనరేషన్‌కి సపోర్ట్ లేదు. ఎల్‌జీఏ 1700 అయితే 12, 13, 14 జనరేషన్లు మూడూ అదే సాకెట్. 12వ జనరేషన్ ఐ3 ఉన్నవాళ్లకి బయోస్ అప్‌డేట్‌తో మంచి దారి ఉంది. కానీ 13, 14లో పెద్ద చిప్ కొంటే మాత్రం బయోస్ లేటెస్ట్ వేసుకోవాల్సిందే. ఆ చిప్‌లు దెబ్బతినే సమస్య వచ్చి, ఇంటెల్ 2024లో దానికి మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, అవి బయోస్ ద్వారానే వస్తాయి.

థర్డ్ స్టెప్: ఏ ప్రాసెసర్ కొనాలి? లిస్టులో ఉన్నదల్లా కొనేయడం కాదు. నాలుగు విషయాలు చూడాలి.

ఒకటి, డిస్‌ప్లే. 2200జీలో చివర ఉన్న జీ అంటే లోపలే గ్రాఫిక్స్ ఉందని. రైజెన్ 5 5600లో ఆ గ్రాఫిక్స్ లేదు. మీ దగ్గర వేరే గ్రాఫిక్స్ కార్డు లేకపోతే, 5600 పెట్టాక మానిటర్‌లో ఏమీ రాదు. చిప్ పాడైందని కంగారుపడి రిటర్న్ పెట్టేవాళ్లు ఉన్నారు. కార్డు లేనివాళ్లు 5600జీ వైపు చూడాలి. మావాడికి 1650 ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. పైగా 2200జీ గ్రాఫిక్స్ కార్డుకి ఎనిమిది లేన్లే ఇచ్చేది, 5600తో పదహారూ వస్తాయి.

రెండు, కరెంటు. 5600 కూడా 65 వాట్ల చిప్పే, 2200జీ లాగానే. చవక బోర్డు మీద కూడా నడుస్తుంది. 105 వాట్ల చిప్‌లు, అంటే 5800ఎక్స్, 5800ఎక్స్3డీ లాంటివి పెట్టాలంటే మాత్రం ప్రాసెసర్ పక్కన పవర్ ఇచ్చే భాగం గట్టిగా ఉండాలి. ఏ320 లాంటి చిన్న బోర్డులో ఆ భాగం మీద హీట్‌సింక్ కూడా లేకపోతే ఆ ఆశ వదిలేయండి. మీ ఎస్‌ఎంపీఎస్ ఊరూ పేరూ లేనిదైతే ముందు దాన్ని మార్చండి.

మూడు, కూలర్. 5600 బాక్సులో కూలర్ వస్తుంది. 5700ఎక్స్ బాక్సులో రాదు. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

నాలుగు, ఎక్కడ కొంటున్నారు. సీల్డ్ బాక్స్ అయితే కంపెనీ వారంటీ మూడేళ్లు. ట్రే అని విడిగా అమ్మేవాటికి షాపువాళ్లు ఇచ్చే వారంటీయే, అది బిల్లు మీద రాయించుకోండి. సెకండ్ హ్యాండ్ అయితే ఫోన్ టార్చ్ వేసి కింద పిన్నులు వరసగా ఉన్నాయో లేదో చూసి, మీ ముందు ఆన్ చేయించుకుని తీసుకోండి. సికింద్రాబాద్ సీటీసీ అయినా, బెంగళూరు ఎస్‌పీ రోడ్డు అయినా ఇదే పద్ధతి.

మేము తీసుకున్నది 5600 సీల్డ్ బాక్స్, ఒక చిన్న థర్మల్ పేస్ట్ ట్యూబ్. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు.

ఫోర్త్ స్టెప్, బయోస్ అప్‌డేట్. ఇది పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే చేయాలి. తీసేశాక చేయడం అందరి బోర్డులో కుదరదు. వెనకాల ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డులకే ఆ వీలుంది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, మీ మోడల్ పేజీ నుంచే ఫైల్ దించుకుని అందులో వేయండి. మోడల్ పేరులో చివరి అక్షరం తేడా ఉన్నా అది వేరే బోర్డే. పీసీ ఆన్ చేసేటప్పుడు డిలీట్ కీ నొక్కితే బయోస్ వస్తుంది. చాలా బోర్డుల్లో అంతే. అందులోనే అప్‌డేట్ చేసే టూల్ ఉంటుంది. విండోస్ లోపలి నుంచి చేసే టూల్స్ కూడా ఉన్నాయి, కానీ నేను వాడను. మధ్యలో విండోస్ హ్యాంగ్ అయితే కథ మళ్లీ మొదటికొస్తుంది. బాగా పాత బయోస్ నుంచి లేటెస్ట్‌కి ఒకేసారి వెళ్లొద్దని, ముందు మధ్యలో ఒక వెర్షన్ వేయాలని కొన్ని పేజీల్లో రాసి ఉంటుంది. ఆ ఆర్డర్ పాటించండి.

అప్‌డేట్ జరిగే ఆ కొన్ని నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. మేము ఇన్వర్టర్ మీద ఉన్నా సరే, పక్కింటి వాళ్ల దగ్గర యూపీఎస్ తెచ్చుకుని మరీ చేశాం. పిన్ని నవ్వింది కానీ, సరిగ్గా సాయంత్రం నాలుగింటికి కరెంటు పోనే పోయింది. అప్పటికి పని అయిపోయింది, అది వేరే విషయం.

ఫిఫ్త్ స్టెప్. బయోస్ ముట్టుకునే ముందే ఈ ఒక్కటి చూసుకుని రావాలి. నేను విడిగా చెప్తున్నది ఎందుకంటే ఇది మర్చిపోతే పోయేది పీసీ కాదు, డేటా. మీ డ్రైవ్‌కి బిట్‌లాకర్ గానీ, డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందా? సెట్టింగ్స్‌లో చూడండి. ఆ తాళం చెవి సాధారణంగా ప్రాసెసర్‌లో ఉండే ఎఫ్‌టీపీఎమ్ అనే సెక్యూరిటీ భాగంతో ముడిపడి ఉంటుంది. ప్రాసెసర్ మార్చగానే ఆ భాగం మారిపోతుంది. కొత్త చిప్‌తో మొదటిసారి ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఒక మెసేజ్ వస్తుంది. కొత్త సీపీయూ పెట్టారు, ఎఫ్‌టీపీఎమ్ రీసెట్ చేయాలా, చేస్తే వై, వద్దంటే ఎన్ నొక్కండి అని. బిట్‌లాకర్ ఆన్‌లో ఉండి వై నొక్కితే, 48 అంకెల రికవరీ కీ లేకుండా ఆ డ్రైవ్ తెరుచుకోదు.

కాబట్టి ముందే ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి, లేదా కొంతసేపు సస్పెండ్ చేసి రికవరీ కీని పేపర్ మీద రాసుకోండి. చాలామందికి అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కూడా సేవ్ అయి ఉంటుంది. మావాడి డ్రైవ్‌లో డెలివరీ ఇవ్వని రెండు పెళ్లిళ్ల ఫుటేజ్ ఉంది. తాళి కట్టిన సీన్ మళ్లీ షూట్ చేయలేం కదా. ముందు రోజు రాత్రే అంతా ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేశాం. మూడు గంటలు పట్టింది. ఈ మొత్తం పనిలో ఎక్కువ టైమ్ పట్టింది దానికే, దానికి నేనేం బాధపడలేదు.

సిక్స్త్ స్టెప్, అసలు మార్చడం. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 2021లో నా సొంత పీసీలో రైజెన్ 5 1600 తీసి 3600 పెడుతున్నాను. రాత్రి పదకొండున్నర, తెల్లారితే ఆఫీస్ కాల్. కూలర్ స్క్రూలు తీసి పైకి గట్టిగా లాగాను. టక్‌మని సౌండ్. చూస్తే కూలర్‌కి అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వచ్చేసింది, లాక్ వేసి ఉండగానే. పేస్ట్ ఎండిపోయి జిగురులా పట్టేసింది. ఆరు పిన్నులు వంగాయి. లెడ్ తీసేసిన పెన్ పెన్సిల్ మొనతో ఒక్కో పిన్నూ నిలబెట్టేసరికి రాత్రి ఒకటిన్నర అయింది. ఏఎం4 చిప్‌కి కింద 1331 పిన్నులు ఉంటాయి. ఒక్కటి విరిగినా ఆ చిప్ పనికొస్తుందో లేదో గ్యారంటీ లేదు.

అందుకే ఈసారి ముందు పదిహేను నిమిషాలు ఎక్స్‌పోర్ట్ పెట్టి ప్రాసెసర్‌ని వేడెక్కించాం. వేడికి పేస్ట్ మెత్తబడుతుంది. తర్వాత షట్‌డౌన్, స్విచ్ ఆఫ్, కేబుల్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకున్నాం. కేబినెట్‌ని పడుకోబెట్టి, దాని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని మొదలుపెట్టాం. ఒంట్లో స్టాటిక్ కరెంట్ ఉంటే అలా పోతుంది. స్క్రూలు తీశాక కూలర్‌ని లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పాం. సీసా మూత తిప్పినట్టు. దానంతట అదే వదిలింది. స్క్రూలు తీస్తే బోర్డు వెనక ఉండే బ్యాక్‌ప్లేట్ కూడా జారిపోవచ్చు, అవతలి వైపు చెయ్యి పెట్టి పట్టుకోండి.

సాకెట్ పక్కన ఉన్న చిన్న లివర్ లేపితే పాత చిప్ చేతికి వచ్చేస్తుంది. కొత్త చిప్ మూల మీద ఒక బంగారు రంగు త్రిభుజం ఉంటుంది, సాకెట్ మీద కూడా అలాంటి గుర్తే ఉంటుంది. రెండూ ఒకే మూలకి రావాలి. చిప్‌ని వదిలితే దాని బరువుకే కూర్చోవాలి. వేలితో నొక్కాల్సి వస్తోందంటే ఏదో తప్పు, తీసి మళ్లీ చూడండి. కూర్చున్నాక లివర్ దించండి. బాక్సులో వచ్చిన కూలర్ కింద పేస్ట్ ముందే పూసి ఉంటుంది. పాత కూలరే వాడితే పాత పేస్ట్ తుడిచేసి, చిన్న బఠాణీ గింజంత పెడితే చాలు. స్క్రూలు కారు టైరు నట్లు బిగించినట్టు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఫ్యాన్ వైర్ పెట్టడం మర్చిపోకండి. నవ్వకండి, అందరూ మర్చిపోయేది అదే.

ఆన్ చేశాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ నల్లగానే ఉంది. ముప్పై సెకన్లు, నలభై, నిమిషం. మావాడి మొహంలో రక్తం లేదు. పిన్ని వంటగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. కొత్త చిప్ మొదటిసారి ర్యామ్‌ని సరిచూసుకుంటుంది, దానికి ఒకటి రెండు నిమిషాలు పట్టొచ్చు. నాకు తెలుసు, అయినా నా గుండె కూడా కొట్టుకుంది. అప్పుడొచ్చింది ఆ ఎఫ్‌టీపీఎమ్ మెసేజ్. దాన్ని చూసి ఇంత సంతోషపడింది మేమే అనుకుంటా. ఎన్‌క్రిప్షన్ లేదు కాబట్టి వై నొక్కాం. విండోస్ వచ్చేసింది. ఐదు నిమిషాలైనా మీకు ఏమీ రాకపోతే ఆఫ్ చేసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి పెట్టి సీమాస్ క్లియర్ చేసి మళ్లీ చూడండి.

బయోస్ అప్‌డేట్ అయ్యాక సెట్టింగ్స్ అన్నీ మొదటికొస్తాయి. ర్యామ్ స్పీడ్ ప్రొఫైల్, అంటే ఎక్స్‌ఎమ్‌పీ, మళ్లీ ఆన్ చేయాలి. మావాడి 3200 ర్యామ్ ఇన్నేళ్లూ 2400 మీదే నడుస్తోందని అప్పుడే తెలిసింది. విండోస్ లైసెన్స్ సాధారణంగా మదర్‌బోర్డ్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి ఆ గొడవ రాలేదు. ఇప్పుడు విండోస్ 11కి కూడా లైన్ క్లియర్.

రిజల్ట్ చెప్తాను, ఉన్నదున్నట్టు. ఒక గంట పెళ్లి హైలైట్స్ ఎక్స్‌పోర్ట్ ముందు 2 గంటల 40 నిమిషాలు పట్టేది. ఇప్పుడు 1 గంట 5 నిమిషాలు. టైమ్‌లైన్ ఆగకుండా కదులుతోంది. గేమ్స్‌లో మాత్రం యావరేజ్ ఫ్రేమ్స్ పెద్దగా పెరగలేదు, అక్కడ 1650 తన లిమిట్‌లో ఉంది. మధ్యమధ్యలో వచ్చే జర్కులు తగ్గాయి, అంతే.

మరి ఎవరు చేయకూడదు? మీది డీడీఆర్3 ర్యామ్ వాడే పాత బోర్డు అయితే, దానికి దొరికే పెద్ద చిప్ కూడా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది, దానికి విండోస్ 11 సపోర్ట్ కూడా ఉండదు. దాని మీద డబ్బు పెట్టకండి. మీ సాకెట్‌లో ఇప్పటికే మంచి చిప్ ఉంటే, పది శాతం కోసం పదివేలు పెట్టకండి. ఇక మదర్‌బోర్డ్ మీద కెపాసిటర్లు ఉబ్బి ఉంటే, యూఎస్‌బీ పోర్టులు పోతుంటే, ఆ బోర్డు వయసైపోయినట్టే. మిగతావాళ్లకి మాత్రం ఇప్పుడు ఇదే మంచి దారి. ఏఎం5కి వెళ్తే డీడీఆర్5 ర్యామే వేయాలి, 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో చూశారు కదా. మీ దగ్గరున్న డీడీఆర్4 ర్యామ్ ఇప్పుడు ఆస్తి లాంటిది.

పాత 2200జీ కూడా వృథా కాలేదు. దాంట్లో గ్రాఫిక్స్ ఉంది కదా, ఊళ్లో ఒక జిరాక్స్ షాపాయన తన పీసీ కోసం తీసుకున్నాడు.

పిన్ని చీటీ పాడలేదు. చివరి వరకూ కడతానంటోంది. నాకు ఫీజుగా పూతరేకులు ముట్టాయి, కెమెరా వెనకాల ఉన్నాయి, చూపించను.

మీ బోర్డు మోడల్, ఇప్పుడున్న ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఉందో లేదో, ఈ మూడూ కామెంట్‌లో పెట్టండి. కానీ ముందు మీరే ఆ సపోర్ట్ లిస్ట్ ఓపెన్ చేసి చూడండి. పది నిమిషాల పని. "మొత్తం మార్చాలి" అని ఎవరైనా అంటే, మీ ఫోన్‌లో ఆ లిస్ట్ తీసి చూపించి "ఏ వెర్షన్ నుంచి కుదరదో చెప్పండి" అని అడగండి. వాళ్ల సమాధానం బట్టి ఆ షాపులో ఉండాలో, బయటికి రావాలో మీకే అర్థమవుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే పీసీలో ఫైల్స్ పోకుండా విండోస్ 11కి ఎలా మారామో చూద్దాం.